టోకున అమ్మవలసింది నిమిషాలనా, లైన్లనా? బ్రిటన్ ‘ఫ్రియాకో’ ఆదేశంపై ఒక సందేహం

ప్రశ్న:
బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌టెల్ 2000 మే నెలలో అక్కడి ప్రధాన ఫోన్ సంస్థ బీటీకి (బ్రిటిష్ టెలికాం) ఇచ్చిన ‘ఫ్రియాకో’ ఆదేశం (ఇంటర్నెట్ కాల్స్ మోయడాన్ని ఇతర సంస్థలకు నిమిషాల లెక్కన కాక స్థిర ధరకు అమ్మాలన్నది) గురించి చదువుతున్నాను. డయల్‌అప్‌కు (ఫోన్ లైన్ మీద డయల్ చేసి వాడే ఇంటర్నెట్‌కు) నెలకు ఒకే ధర పెట్టాలనుకున్న ఇంటర్నెట్ సంస్థ తన ధరను తానే పెట్టుకోవచ్చు కదా, మరి బీటీ ఆ సంస్థలకు అమ్మే టోకు ధరలో నియంత్రణ సంస్థ ఎందుకు కల్పించుకోవలసి వచ్చిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
చిక్కంతా కొనే కొలత ఒకటి, అమ్మే కొలత మరొకటి కావడంలో ఉందండీ. చందాదారు నెలకు ఒకే మొత్తం కట్టి రాత్రంతా లైన్ మీద ఉంటే, ఆ కాల్‌ను స్థానిక ఎక్స్ఛేంజి నుంచి మోసినందుకు బీటీకి నిమిషాల లెక్కన చెల్లించవలసింది పోటీ సంస్థే. అంటే ఎక్కువ వాడే ప్రతి చందాదారూ ఆ సంస్థకు నష్టమే. పోటీ ఫోన్ సంస్థ ఎంసీఐ వరల్డ్‌కామ్‌కూ బీటీకీ ఈ విషయమై వచ్చిన తగవులో, నిమిషాలకు బదులు 64 కిలోబిట్ల పోర్టును (ఒకసారికి ఒక కాల్ పట్టే లైన్‌ను) ఏడాదికి ఇంత అని అమ్మాలని ఆఫ్‌టెల్ తేల్చింది. ఎక్స్ఛేంజి ఖర్చు రద్దీ వేళ ఎన్ని లైన్లు కావాలన్నదాన్ని బట్టి పెరుగుతుంది గానీ, తెల్లవారుజామున మూడింటికి ఖాళీగా ఉన్న లైన్‌ను ఒకరు గంటసేపు వాడుకున్నంత మాత్రాన పెరగదు. నా దృష్టిలో ఈ ఆదేశానికి అసలు బలం ఈ తర్కమే.

జవాబు 2:
పై వివరణ సరైనదే, కానీ దానితో నష్టభయం మాయం కాలేదు, రూపం మార్చుకుంది. ఎక్స్ఛేంజికి వేసే ఒక ఈ1 లింకులో 30 పోర్టులుంటాయి. 30 మంది లైన్ మీద ఉంటే 31వ వారికి వినిపించేది బిజీ టోనే. అందుకే ‘అపరిమితం’ అని అమ్మిన పథకాల్లో చాలావాటిలో 2 గంటలు కాగానే కనెక్షన్ తెగిపోయేది, మళ్లీ డయల్ చేసుకోవాలి. (అపరిమితానికి ఆ పరిమితి ఏమిటో!)

జవాబు 3:
ఇంకొక ముఖ్య విషయం: మొదటి ఆదేశం స్థానిక ఎక్స్ఛేంజి స్థాయికే వర్తించింది. అవి దేశమంతటా వందల్లో ఉండేవి, అన్నింటికీ సొంత లింకులు వేసుకోగల సంస్థలు కొన్నే. అనేక స్థానిక ఎక్స్ఛేంజీలను కలిపే టాండెం ఎక్స్ఛేంజి వద్ద కూడా ఇవ్వాలన్న నిర్ణయం 2001 ఫిబ్రవరిలో వచ్చాకే చిన్న నెట్‌వర్కులకు దారి దొరికింది.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఆ రోజుల్లో మా ఇంట్లో 3 నిమిషాలకొక పల్స్ (బిల్లులో ఒక కాల్ లెక్క) పడేది. మోడెం కలవగానే మా నాన్నగారు గోడ గడియారం కింద నిలబడేవారు. ఆయనకు నిమిషాలే లెక్క, ఎక్స్ఛేంజికి లైన్లు లెక్క అని ఇప్పుడు అర్థమైంది.