గ్యారేజీని గదిగా మారిస్తే లాభమా, తలనొప్పా?

ఫ్రీమాంట్ బాబాయ్:
మాది కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మూడు బెడ్‌రూముల పాత ఇల్లు. సంక్రాంతి దాటాక అమ్మానాన్న వస్తున్నారు, వస్తే ఆరు నెలలుంటారు. పిల్లలిద్దరికీ చెరో గది అయిపోయింది. గ్యారేజీలో కారు పెట్టి ఎన్నేళ్లయిందో, ఉన్నవల్లా కాస్ట్‌కో అట్టపెట్టెలు, బియ్యం బస్తాలు, ఎవరూ తొక్కని సైకిళ్లు. 400 చదరపు అడుగుల జాగా ఊరికే పడుంది, గది చేయిద్దామంటే మా ఆవిడ "మామయ్యగారిని గ్యారేజీలో పడుకోబెడతారా?" అంటోంది. ఒక కాంట్రాక్టరేమో సిటీ పర్మిట్ అక్కర్లేదు, రోడ్డు వైపు తలుపు అలాగే ఉంచి లోపల గోడ కట్టేస్తే ఎవరికీ తెలియదు అంటున్నాడు. మీరేమంటారు?

డాలస్ కుర్రోడు:
వద్దన్నా. రేపు అమ్మాలంటే కొనేవాడు ముందు అడిగేది టూ కార్ గ్యారేజీ ఉందా అనే. మా టెక్సాస్ వైపైతే హెచ్‌ఓఏ వాళ్లు, అదే కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం వాళ్లు, అస్సలు ఊరుకోరు. వడగళ్ల వాన పడ్డప్పుడు కారు బయట ఉందంటే బానెట్ నిండా గుంటలే. ఆరు నెలల కోసం ఇంత ఖర్చా? పిల్లలిద్దర్నీ ఒకే గదిలో సర్దు, మనమంతా హాల్లో చాపలేసుకుని పెరిగినవాళ్లమే కదా.

శాన్ హోసే అక్క:
తమ్ముడూ, టెక్సాస్ లెక్కలు ఇక్కడికి తేకు. కాలిఫోర్నియాలో 2020 నుంచి రూల్స్ మారాయి. గ్యారేజీని ఏడీయూగా, అంటే సొంత వంటగది, బాత్రూం, వేరే గుమ్మం ఉన్న చిన్న ఇల్లుగా మారిస్తే, పోయిన పార్కింగ్‌కు బదులు చూపించమని సిటీ అడగకూడదు. హెచ్‌ఓఏ కూడా అసలే కుదరదనడానికి వీల్లేదు. 750 చదరపు అడుగుల లోపైతే ఇంపాక్ట్ ఫీజులు, అంటే కొత్త కట్టడాల మీద వసూలు చేసే ఫీజులు, లేవు. తమాషా ఏంటంటే, వంటగది లేకుండా ఉత్త బెడ్‌రూమ్ చేస్తానంటే ఆ పార్కింగ్ మినహాయింపు రాదు, మరి కారెక్కడ పెడతావని సిటీ అడగొచ్చు. చేస్తే ఏడీయూనే చెయ్యి. పెద్దవాళ్లు ఇండియా వెళ్లాక అద్దెకిచ్చుకోవచ్చు.

డాలస్ కుర్రోడు:
అద్దె సరే అక్కా, ప్రాపర్టీ టాక్స్ పెరగదా?

శాన్ హోసే అక్క:
పెరుగుతుంది, కానీ కొత్తగా చేసిన పనికి కట్టిన విలువ మీదే. ప్రాపొజిషన్ 13 అని ఇక్కడి ప్రాపర్టీ టాక్స్ చట్టం ఉంది కదా, పాత ఇంటి లెక్క జోలికి రారు.

ఇన్‌స్పెక్షన్ మామ:
చట్టం సంగతి అక్క చెప్పింది, నేను నేల సంగతి చెబుతా. బాబాయ్, ఒక బకెట్ నీళ్లు గ్యారేజీలో గుమ్మరించి చూడు, తలుపు వైపే పారతాయి, ఎందుకంటే ఆ కాంక్రీటు వాలుగానే పోస్తారు. దాన్ని సమం చేసి, కింద తేమ రాకుండా షీట్ వేసి, ఆపైన ఫ్లోరింగ్. గోడల్లో ఇన్సులేషన్ ఉండదు. ఇక మూల స్టాండు మీద గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది చూడు, అసలు చిక్కు దానితోనే. పడకగదిలో దాన్ని అలా వదిలేయడానికి బిల్డింగ్ కోడ్, అంటే ఇళ్లు కట్టే నిబంధనలు, ఒప్పుకోదు, ప్రాణానికే ముప్పు. బయటికి మార్చాలి, లేదంటే కరెంటుది పెట్టుకోవాలి. నిద్రపోయే గదికి అగ్నిప్రమాదంలో మనిషి దూకి బయటపడేంత కిటికీ కావాలి, దాని కింది అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. ఆ కాంట్రాక్టరు కట్టే దొంగ గోడ వెనక ఇవేవీ ఉండవు. ఇల్లు అమ్మేటప్పుడు పర్మిట్ లేని పని అని నువ్వే రాసివ్వాలి, ఇంటికి విలువ కట్టే అప్రైజర్ దాన్ని ఇంటి విస్తీర్ణంలో కలపకపోవచ్చు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లతో గొడవ. తక్కువలో అయిపోతుందనుకుంటున్నావు గానీ రెండుసార్లు కడతావు డబ్బులు.

డాలస్ కుర్రోడు:
చూశారా, నేను చెప్పిందే కదా! వద్దని.

ఇన్‌స్పెక్షన్ మామ:
వద్దనలేదయ్యా, దొంగచాటుగా వద్దన్నా. పర్మిట్‌తో చేస్తే మంచి గదే.

మిల్పిటాస్ కోడలు:
అందరూ చట్టాలూ కాంక్రీటూ మాట్లాడుతున్నారు, ఆ పెద్దాయన మోకాళ్ల గురించి ఎవరూ అడగరేం? చాలా ఇళ్లలో గ్యారేజీ నుంచి ఇంట్లోకి ఒకటో రెండో మెట్లుంటాయి. లోపల బాత్రూం కట్టకపోతే అర్ధరాత్రి లైటు వెతుక్కుంటూ ఆ మెట్లెక్కి, హాలు దాటి రావాలి. కడదామంటే డ్రెయిన్ పైపు కోసం కాంక్రీటు కోయాలి, ఖర్చంతా అక్కడే. పైగా ఇక్కడ కారు నడపలేక పగలంతా ఇంట్లోనే ఉండేవాళ్లని మళ్లీ ఇంటికి ఓ చివర కూర్చోబెట్టడం ఏంటండీ? మాస్టర్ బెడ్‌రూమ్ వాళ్లకివ్వండి, అటాచ్డ్ బాత్రూం ఉంటుంది. గ్యారేజీలోకి మీరు వెళ్లండి.

శాన్ హోసే అక్క:
ఇది నాకు నచ్చలేదు. మా అత్తగారికి తన వంటగది తనకుంటేనే ప్రాణం హాయిగా ఉంటుంది. పొద్దున్నే ఐదింటికి లేచి కాఫీ పెట్టుకోవాలి, మేం నిద్రలేస్తామేమోనని గిన్నె చప్పుడు కాకుండా దొంగలా తిరగడం ఆవిడకెంత ఇబ్బందో. వేరే గుమ్మం ఉన్నంత మాత్రాన వాళ్లని దూరం పెట్టినట్టు కాదు. ముందు వాళ్లనే అడగండి బాబాయ్.

ఫ్రీమాంట్ బాబాయ్:
అడిగాను. నాన్న "ఆరు నెలలకి గోడలు పగలగొట్టడం దేనికిరా, సోఫా చాలదూ" అన్నారు. మా ఆవిడకి కోడలుగారి కామెంట్ చూపిస్తే మాస్టర్ బెడ్‌రూమ్ ఇవ్వడానికి వెంటనే ఒప్పుకుంది, గ్యారేజీలోకి మాత్రం నన్నొక్కణ్ణే వెళ్లమంటోంది.

ఇన్‌స్పెక్షన్ మామ:
నువ్వు పడుకున్నా అది పడకగదే, కోడ్ మారదు. ముందు వాటర్ హీటర్ ఎక్కడుందో ఫొటో పెట్టు.