లావు బ్యారెలా, సన్న బ్యారెలా? పదిహేనేళ్ల అమ్మాయికి ఏది?

అల్వాల్ నాన్న:
మా అమ్మాయి గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో 50 మీటర్ల రైఫిల్ మొదలుపెట్టింది. తన చేతికి రెండు పాయింట్ టూటూ (0.22 అంగుళాల తూటా) రైఫిళ్లు వచ్చాయి. ఒకదాని బ్యారెల్ (గుండు దూసుకెళ్లే గొట్టం) లావు, ఇంకోదానిది సన్నం. దేనికి అలవాటు చేయమంటారు?

సైనిక్‌పురి గురి:
లావుదే, సందేహం వద్దు. బ్యారెల్ వ్యాసం పది శాతం పెరిగితే అది వంగకుండా నిలిచే బిగువు సుమారు 46 శాతం పెరుగుతుంది. అదురు తక్కువ, వేడెక్కడమూ ఆలస్యం. 50 మీటర్ల దూరంలోని లక్ష్యం మీద పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే అని మరవకండి.

తార్నాక రైఫిల్:
గురి గారూ, మీ లెక్క సరైనదే. కానీ అదే పది శాతానికి బ్యారెల్ బరువు ఐదో వంతుకు పైగా పెరుగుతుంది, ఆ మాట మీరు వదిలేశారు. ఇక వేడి సంగతి వేట రైఫిళ్లకు వర్తిస్తుంది. పాయింట్ టూటూ తూటాలో మందు చిటికెడు. ఇరవై రౌండ్లు కాల్చాక కూడా బ్యారెల్‌ను చేత్తో పట్టుకోవచ్చు.

నేను రెండేళ్ల పాటు ముందు భాగం బరువుగా ఉన్న రైఫిల్‌తో కాల్చాను. పడుకుని కాల్చినప్పుడు గుళ్లన్నీ ఒకే చోట పడేవి. నిలబడితే ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది, నడుము వెనక్కి వంగుతుంది. పదిహేనో గుండు దాకా బాగానే ఉండేది. ఆ తర్వాత ముందు సైటు (గురి చూసే అమరిక) వలయం మెల్లగా కిందికి జారేది, దాన్ని ఎత్తడానికి భుజం బిగించేదాన్ని. అంతే, ఆ గుండుకు ఏడు పాయింట్లే. ఎదిగే పిల్ల నడుముకు ఆ శిక్ష ఎందుకండీ?

సైనిక్‌పురి గురి:
మరీ తేలికైతే గుండె కొట్టుకున్నప్పుడల్లా సైటు ఎగురుతుంది కదమ్మా!

తార్నాక రైఫిల్:
ఎగురుతుంది, నిజమే. అప్పుడు సన్న బ్యారెల్‌కు చిన్న బరువులు తగిలించి, ముందుకూ వెనక్కూ జరిపి చూసుకోవచ్చు. లావు బ్యారెల్‌ను చెక్కి తగ్గించలేం కదా. నాన్నగారూ, కోచ్ ఎదుట ఖాళీ రైఫిల్‌తో అమ్మాయిని నిలబెట్టండి. కళ్లు మూసుకుని రెండు ఊపిర్లు తీసుకుని తెరవమనండి. సైటు ఎక్కడికి పోయిందో చూడాలి. మొదట్లో ఒకసారి, పది నిమిషాలయ్యాక మళ్లీ. రెండోసారి చూసినదే ముఖ్యం.

అల్వాల్ నాన్న:
ఆదివారం రెండిటితోనూ అలాగే చేయించి, ఏమైందో ఇక్కడే రాస్తాను. నడుము నొప్పి మాట తను ఇంతవరకూ ఎత్తలేదు. ఈ రాత్రే అడుగుతాను.