డాలస్‌లో పాత కారుకు స్పార్క్ ప్లగ్గులు సొంతంగా మార్చుకోవడం

ప్రశ్న, డాలస్ నుంచి:

నేను కూకట్‌పల్లి నుంచి ఆగస్టులో ఇక్కడికి చదువుకు వచ్చాను. 1,08,000 మైళ్లు తిరిగిన నాలుగు సిలిండర్ల కారు ఒకటి కొన్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంజన్ వణుకుతోంది, చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగింది. విడిభాగాల దుకాణంలో కారు కంప్యూటర్ చూపే లోపం కోడ్ చదివి, పి0302 అని వచ్చిందని, ప్లగ్గులు మార్చుకోమని చెప్పారు. మెకానిక్ అడిగిన కూలి నా నెల సరుకుల ఖర్చంత ఉంది. ఇంతవరకు పానా పట్టి ఎరుగను. ఈ పని నేను చేసుకోగలనా?

జవాబు, హైదరాబాద్ నుంచి:

తమ్ముడికి నమస్కారం. తప్పకుండా చేసుకోగలరు. పదకొండేళ్లు అక్కడ ఉండి వచ్చి ఇప్పుడు నాచారంలో స్థిరపడ్డాను. అక్కడున్నన్నాళ్లూ మా కార్లకు ఈ పని నేనే చేసుకున్నాను.

ప్లగ్గులు కొనేముందు ఒక పరీక్ష చేయండి. పి0302 అంటే రెండో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని మాత్రమే అర్థం. తప్పు ప్లగ్గుదా, దాని మీద కూర్చుని నిప్పురవ్వకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌దా అన్నది ఆ కోడ్ చెప్పదు. రెండో కాయిల్‌నూ మూడో కాయిల్‌నూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి, కోడ్ చెరిపించి, కొద్ది దూరం నడిపి మళ్లీ చదివించండి. పి0303గా మారితే పాడైనది కాయిల్. మారకపోతే ముందు ప్లగ్గును అనుమానించాలి. ఎలాగూ లక్ష మైళ్లు దాటింది కనుక, ఇప్పటిదాకా మార్చి ఉండకపోతే, ఎక్కువ కాలం మన్నే ఇరీడియం ప్లగ్గులకైనా ఇది మార్చే సమయమే. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం కారు నడపకండి. మండని పెట్రోలు పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, దాని ధర ముందు ప్లగ్గుల ధర ఏపాటిదీ కాదు.

మీ అద్దె ఒప్పందం కూడా ఒకసారి చదవండి. పార్కింగ్‌లో కారు మరమ్మతు చేయరాదని చాలా అపార్టుమెంట్ల వారు రాసుకుంటారు. అలా ఉంటే సొంత ఇల్లున్న తెలిసినవారి వాకిలి అడగడం మేలు. పనిముట్లన్నీ కొనక్కర్లేదు. పెద్ద విడిభాగాల దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని టార్క్ రెంచ్, అంటే కొలత ప్రకారం బిగించే పానా ఇస్తాయి, తిరిగి ఇచ్చినప్పుడు ఆ సొమ్ము ఇచ్చేస్తాయి. చాలా కార్లకు 16 మిల్లీమీటర్ల, అంటే 5/8 అంగుళాల ప్లగ్గు గోటీ (సాకెట్) సరిపోతుంది, కొన్నిటికి 14 కావాలి. ప్లగ్గులు కూడా ఆ దుకాణంలోనే తీసుకోండి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీలు కలుస్తున్నాయి.

మన హైదరాబాద్ అలవాటు ఒకటి ఈ ప్లగ్గులకు పనికిరాదు. మా నాన్నగారు ఆదివారం పొద్దున చేతక్ స్కూటర్ ప్లగ్గు విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్ది, నిప్పురవ్వ దూకే సందును కంటి కొలతతో సరిచేసి మళ్లీ బిగించేవారు. ఆ స్కూటర్‌కు అది చెల్లింది. ఇరీడియం ప్లగ్గు నడిమి మొన మిల్లీమీటరులో సుమారు సగం మందం మాత్రమే ఉంటుంది. దాన్ని రుద్దినా, సందు కొలిచే గేజ్ దూర్చి తిప్పినా విరగవచ్చు. సందును తీగ గేజ్‌తో సున్నితంగా చూడండి, తేడా కనిపిస్తే మార్పించుకోండి.

ఇంజన్ రాత్రంతా చల్లారాక, ఉదయం మొదలుపెట్టండి. వేడి మీద విప్పితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లోని మరలు ప్లగ్గుతో పాటే ఊడి వచ్చే ప్రమాదముంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. కాయిల్ కనెక్టర్ నాలుక పాత కార్లలో పెళుసుబారి ఉంటుంది కనుక దాన్ని లోపలికి నొక్కి మెల్లగా లాగండి. ప్లగ్గు విప్పడానికి ముందే అది కూర్చున్న గుంతలోని దుమ్మును గాలితో ఊది తీసేయాలి, లేదంటే ఇసుక రేణువులు నేరుగా సిలిండర్‌లో పడతాయి. ఒకదాన్ని పూర్తిగా మార్చాకే రెండోదాని జోలికి వెళ్లండి.

ఇక అసలు మెలకువ ప్లగ్గును మరలో ఎక్కించడంలో ఉంది. మన షెడ్లలో చూడీ అనేది ఈ మరనే. కొత్త ప్లగ్గును గోటీలో పెట్టి, ఎక్స్‌టెన్షన్ కడ్డీ మాత్రమే తగిలించి, పానా ఏదీ పట్టకుండా, రెండు వేళ్లతో ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ప్లగ్గు వెంట్రుకవాసి కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు కుడివైపు తిప్పితే, అడుగు తాకేదాకా వేళ్ల బలంతోనే జారినట్టు దిగాలి. మధ్యలో ఎక్కడ పట్టేసినా ఆపి, వెనక్కి తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడికి వెళ్లిన రెండో ఏడు నేను ఆగలేదు. కొత్తది కాబట్టి బిగువుగా ఉందనుకుని పానా వేసి తిప్పాను. ప్లగ్గు వంకరగా ఎక్కి మూడో సిలిండర్ మర చెడిపోయింది. వర్క్‌షాప్ వారు అందులో కొత్త మర తొడుగు వేశారు, దానికి ప్లగ్గుల ధరకు ఎన్నో రెట్లు ఖర్చయింది. ఆ బిగువు ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే చేయండి. సర్వీస్ పుస్తకంలో 18 న్యూటన్ మీటర్లని ఉంటే అది 13 ఫుట్ పౌండ్లు. అక్కడి రెంచ్‌ల మీద రెండు కొలతలూ ఉంటాయి. పొరపాటున 18 ఫుట్ పౌండ్ల దగ్గర పెడితే 24 న్యూటన్ మీటర్లకు పైగా బిగుసుకుంటుంది. మర మీద గ్రీజు గానీ మర పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ గానీ రాయకండి; మర జారుడుగా ఉంటే అదే కొలతకు ప్లగ్గు ఎక్కువగా బిగుసుకుపోతుంది.

మళ్లీ డాలస్ నుంచి:

అన్నగారికి ధన్యవాదాలు. కాయిల్ మార్చి చూసినా కోడ్ మారలేదు, కనుక ప్లగ్గులు కొన్నాను. ఈ ఉదయం రెండో కాయిల్ తీసేసరికి దాని రబ్బరు గొట్టం నూనెతో తడిసి ఉంది. ప్లగ్గు ఇంకా విప్పలేదు.

జవాబు, హైదరాబాద్ నుంచి:

విప్పకుండా ఆగి మంచి పని చేశారు. అది పైనుంచి దిగిన ఇంజన్ ఆయిల్. ఇంజన్ పైమూత అయిన వాల్వ్ కవర్ కింద ఉండే ప్లగ్గు గొట్టాల సీలు అరిగితే అలా కారుతుంది, మీ ఇంజన్ వణుకుకు అదే కారణం కావచ్చు. పొడవాటి పుల్లకు గుడ్డ చుట్టి ఆ గుంతలోని నూనెనంతా పీల్చి తీశాకే ప్లగ్గు విప్పండి. విప్పాక దాని మొన చూడండి: లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే సిలిండర్ లోపల ఇబ్బంది లేదని అనుకోవచ్చు, మొన కూడా నూనెతో తడిసి ఉంటే పిస్టన్ రింగులనో వాల్వ్ సీళ్లనో అనుమానించాలి, అప్పుడు మెకానిక్‌కు చూపించక తప్పదు. కాయిల్ రబ్బరును శుభ్రంగా తుడవండి, నూనెకు ఉబ్బి మెత్తబడి ఉంటే మార్చండి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆ సీళ్లు వచ్చే సెట్టు ఈ నెలలోనే వేయించండి, లేకపోతే కొత్త ప్లగ్గు గుంత కూడా మళ్లీ నూనెతో నిండుతుంది.