సి12ఎఫ్‌డీజీతో బీటా-గాల్ కొలత: మందు వేసినా వేయకపోయినా సిగ్నల్ దాదాపు ఒకటే

ప్రశ్న:
మనిషి ఫైబ్రోబ్లాస్ట్‌లకు (సంధాయక కణజాల కణాలు) డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చి సెనెసెన్స్ (కణాలు విభజన ఆపేసి ముసలివవడం) తెప్పిస్తున్నాను. లైసోసోమ్‌లోని (కణంలోని ఆమ్లపు సంచి) బీటా-గెలాక్టోసిడేజ్ (బీటా-గాల్) ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో సి12ఎఫ్‌డీజీ ప్రోబ్‌తో (ఆ ఎంజైమ్ తెంచితే వెలిగే పదార్థం) ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణం వెలుగును కొలిచే యంత్రం) కొలుస్తున్నాను. ప్రోబ్ 33 మైక్రోమోలార్, 37 డిగ్రీల దగ్గర 2 గంటలు. స్టాక్ డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో 2 మిల్లీమోలార్. 488 నానోమీటర్ల లేజర్, గ్రీన్ ఛానల్. బాఫిలోమైసిన్ (లైసోసోమ్ ఆమ్లతను తగ్గించే పదార్థం) వాడలేదు. మందు వేసినవీ వేయనివీ హిస్టోగ్రామ్‌లు సగానికి పైగా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చచ్చిన కణాలకు పట్టే ప్రొపిడియం అయొడైడ్ రంగు పెడితే మందు వేసిన వాటిలో చచ్చిన కణాలు మరీ ఎక్కువ కనబడుతున్నాయి. లోపం ఎక్కడుందంటారు?

జవాబు 1:
బాఫిలోమైసిన్ లేకపోవడమే పెద్ద లోపమండీ. ప్రోబ్‌కున్న రెండు గెలాక్టోజ్ చక్కెరలనూ ఎంజైమ్ తెంచేశాక మిగిలేది ఫ్లోరెసీన్ రంగు. దాని పీకేఏ (ఏ పీహెచ్ కంటే కిందికి వెళ్తే వెలుగు తగ్గుతుందో చెప్పే అంకె) 6.4 దగ్గర, లైసోసోమ్ లోపల పీహెచ్ 4.5–5. ఎంజైమ్ తన పని చేసినా ఆ ఆమ్లంలో రంగు సరిగ్గా వెలగదు. ప్రోబ్‌కు గంట ముందు 100 నానోమోలార్ బాఫిలోమైసిన్ ఏ1 వేయండి, లైసోసోమ్‌ను ఆమ్లంగా ఉంచే ప్రోటాన్ పంపు ఆగి పీహెచ్ 6 వైపు పెరుగుతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. మామూలు కణాల్లోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది, ఆమ్లంలో చక్కగా పనిచేస్తుంది. పీహెచ్ 6 దగ్గర కూడా పని కనబడాలంటే ఎంజైమ్ బాగా పోగై ఉండాలి. సెనెసెంట్ కణాలు విడిగా తేలేది అక్కడే. ప్రోబ్ వేసేటప్పుడు బాఫిలోమైసిన్ ఉన్న మీడియం తీసేయకండి.

జవాబు 2:
పై మాట నిజమే, కానీ డాక్సోరూబిసిన్‌ను మరిచిపోవద్దు. అది స్వయంగా వెలిగే మందు: 480 నానోమీటర్ల దగ్గర కాంతి తీసుకుని 590 దగ్గర ఇస్తుంది. డీఎన్ఏకు అతుక్కుని కణంలోనే ఉండిపోతుంది. ప్రొపిడియం అయొడైడ్ చూసేది కూడా దాదాపు అదే ఛానల్ కదా! చచ్చినవని మీరు గేట్ (లెక్కలోకి తీసుకునే కణాల హద్దు) బయట పడేస్తున్నవాటిలో బతికున్న సెనెసెంట్ కణాలే బోలెడు ఉండొచ్చు. 405 లేజర్ ఉంటే, చచ్చిన కణాలను గుర్తించడానికి డాపీ అనే నీలి రంగుకు మారండి.

డీఎంఎస్‌ఓ కూడా చూసుకోండి. 2 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 33 మైక్రోమోలార్ చేయాలంటే మిల్లీలీటరుకు 16.5 మైక్రోలీటర్లు, అంటే 1.65 శాతం. కణాలకు అది చాలా ఎక్కువ. 20 మిల్లీమోలార్ స్టాక్ చేసుకుంటే 1.65 మైక్రోలీటర్లతో సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
రంగు వేయని కంట్రోల్ మామూలు కణాలతోనే పెడుతున్నాను. అది చాలదా?

జవాబు 2:
చాలదు. సెనెసెంట్ కణాలు పెద్దవి, వాటిలో లిపోఫ్యూసిన్ (తనంతట తానే వెలిగే వ్యర్థ పదార్థం) ఉంటుంది, పైగా మందు వెలుగు. మందు వేసి ప్రోబ్ వేయని గొట్టం విడిగా ఉండాలి. ఉదాహరణకు మీడియన్‌లు ఇలా ఉన్నాయనుకోండి: మందు కణాలు ప్రోబ్‌తో 3000, ప్రోబ్ లేకుండా 1800, మామూలువి ప్రోబ్‌తో 1000, ప్రోబ్ లేకుండా 400. నేరుగా చూస్తే 3 రెట్లు. ఎవరి నేపథ్యం వారిది తీసేస్తే 1200కి 600, అంటే 2 రెట్లే.

జవాబు 1:
కంట్రోల్ ప్లేటు కిక్కిరిసిపోనివ్వకండి, ఒత్తుగా పెరిగిన మామూలు కణాల్లోనూ బీటా-గాల్ పెరుగుతుంది. ఫిక్స్ చేయొద్దు (రసాయనంతో కణాలను గట్టిపరచొద్దు), ట్రిప్సిన్ ఎంజైమ్‌తో ప్లేటు నుంచి లేపాక ఐస్ మీద పెట్టి వెంటనే నడిపించండి. ప్రోబ్‌కున్న పన్నెండు కార్బన్ల తోక రంగును కణంలో చాలాసేపు పట్టి ఉంచుతుంది కానీ అది బయటికి కారిపోవడాన్ని పూర్తిగా ఆపలేదు.