స్టేట్‌మెంట్ సమ్స్ అంటేనే బెదిరే పిలకాయలకు ధైర్యం ఎట్లా వస్తుంది?

కోవూరు అమ్మ:
మా పాప మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. పన్నెండో ఎక్కం దాకా గడగడా చెబుతుంది, మూడంకెల తీసివేతలు అప్పు తెచ్చుకుని మరీ చేస్తుంది. అదే లెక్కని నాలుగు వాక్యాల్లో రాసిచ్చారా, మొహం మారిపోతుంది. అసలు చదవదు. అందులో ఉన్న అంకెలు ఏరుకుని "అమ్మా, కూడాలా తీసెయ్యాలా?" అని నా మొహంలోకి చూస్తుంది. నేను కాస్త కనుబొమలు ముడిస్తే చాలు, కూడిక కొట్టేసి తీసివేత మొదలుపెడుతుంది. ఇంకా ప్రాక్టీస్ చేయించండి అనే సలహా చాలామంది ఇచ్చారు, అది వద్దు. మీ ఇళ్లలో, మీ బళ్లలో నిజంగా ఏం పనిచేసిందో చెప్పండి.

పొదిలి టీచరు:
అమ్మా, ముందు లెక్కలోంచి అంకెలు తీసేయండి. నిజంగానే చెబుతున్నా. మా రెండు, మూడు తరగతుల్లో నేను మొదలుపెట్టేది అక్కడే. "ఒకాయన మార్కెట్‌కి కొన్ని నిమ్మకాయల బస్తాలు తెచ్చాడు. పొద్దున కొన్ని అమ్ముడుపోయాయి, మధ్యాహ్నం ఇంకొన్ని పోయాయి." ఇంతే చెప్పి ఆపేస్తా. కూడటానికి అంకెలు లేవు కాబట్టి పిల్లలు కథ వినక తప్పదు. ఏం జరిగింది, సాయంత్రానికి బస్తాలు పెరిగాయా తగ్గాయా, ఇక్కడ మనం ఏమేం అడగొచ్చు అని వాళ్లనే అడుగుతా. ఒకరు "ఎన్ని మిగిలాయి" అంటారు, ఇంకొకరు "మొత్తం ఎన్ని అమ్మాడు" అంటారు. అప్పుడు అంకెలిస్తా: తెచ్చినవి 40, పొద్దున 15, మధ్యాహ్నం 12. అమ్మినవి 27, మిగిలినవి 13. కథ ఒకటే, ప్రశ్న మారితే చేయాల్సిన పని మారింది అని వాళ్లకి వాళ్లే పట్టుకుంటారు. ప్రశ్న కూడా వాళ్లే వేశారు కాబట్టి భయం సగం పోతుంది.

ఇంకో మాట, ఇంగ్లిష్‌లో ఉన్న లెక్కయినా కథ మాత్రం తెలుగులో చెప్పించండి. సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి కదా, మీ పాపది ప్రైవేటు బడి అయినా ఆ పుస్తకం ఒకటి తెచ్చుకోండి, చాలా సాయం చేస్తుంది.

రొయ్యల రైతు, ముత్తుకూరు:
టీచరుగారు చెప్పింది బాగుంది. నాకు పుస్తకాల సంగతి తెలియదుగానీ మావాడికి లెక్కలంటే ఇష్టం పుట్టింది గుంట గట్టు మీదే. 100 కౌంట్ అంటే కిలోకి 100 రొయ్యలు, 50 కౌంట్ అంటే కిలోకి 50. "ఏది పెద్ద రొయ్యరా" అని అడిగితే ఠక్కున వంద అన్నాడు. తప్పని చెప్పలా. వల విసిరి తీసిన రొయ్యల్ని కాటా మీద పెట్టించా, వాడితోనే లెక్కపెట్టించా. వందయితే ఒక్కోటి 10 గ్రాములు, యాభైయితే 20 గ్రాములు. అంకె పెద్దదైతే వస్తువు చిన్నదయ్యే లెక్కలు కూడా ఉంటాయని ఆ రోజు వాడికి తెలిసింది, ఇప్పుడు ఏ లెక్క ఇచ్చినా ముందు "ఇదేంది, దేని గురించి" అని అడుగుతున్నాడు. ఈమధ్య "గుంటలో 2 వేల కిలోలు వచ్చె, 50 కౌంట్, మొత్తం ఎన్ని రొయ్యలు" అంటే లక్ష అని నోటితోనే చెప్పాడు. వాడు నాలుగో తరగతి. వరి పండించేవాళ్లు పుట్టితో ఆడించండి, మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కదా, బస్తాల్లోకి మార్చమంటే భాగహారం, శేషం అన్నీ అందులోనే ఉంటాయి.

నెల్లూరు ట్యూషన్:
అందరూ బాగానే చెబుతున్నారు, కానీ ముప్పై మంది పిలకాయలు, గంట టైమ్, వచ్చేవారం పరీక్ష అంటే కథలు చెప్పించడానికి ఎక్కడ కుదురుతుంది? మేం గోడ మీద చార్ట్ పెట్టాం. "మొత్తం", "ఎక్కువ" అని ఉంటే కూడిక, "మిగిలిన", "తక్కువ" అంటే తీసివేత, "ఒక్కొక్కటి" అంటే గుణకారం, "సమానంగా" అంటే భాగహారం. మార్కులు వస్తున్నాయి. మార్కులు వస్తేనే ధైర్యం వస్తుంది, ధైర్యం వచ్చాక ఆలోచన నేర్పొచ్చు అనేది నా అనుభవం. వెనకబడిన పిల్లవాడికి చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పొదిలి టీచరు:
మీ ఇబ్బంది నాకు తెలుసు సార్, మా బడిలో రెండు తరగతులు ఒకే గదిలో. కానీ ఆ చార్ట్ ముందు ఈ లెక్క పెట్టి చూడండి. "రవి దగ్గర 8 గోళీలున్నాయి. అవి శీను గోళీల కంటే 3 ఎక్కువ. శీను దగ్గర ఎన్ని?" "ఎక్కువ" ఉంది కాబట్టి చార్ట్ ప్రకారం 11. అసలు జవాబు 5. ఇంకోటి: "నాలుగు కాజాలు తినేశాక డబ్బాలో 6 మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి?" "మిగిలాయి" ఉంది, తీసేస్తే 2, కానీ అసలు జవాబు 10. మీ చార్ట్‌ని నిజాయితీగా నమ్మిన పిల్లవాడికే ఇక్కడ దెబ్బ తగులుతుంది, చెప్పినట్టే చేశాను కదా ఎందుకు తప్పయిందని వాడికి అర్థం కాదు. ధైర్యం పోయేది అక్కడే.

1979లో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెల్ని ఎట్లాగో కలిపి ఒక జవాబు చెప్పేశారు. తెలివి లేక చెప్పారని అనలేం. లెక్క అంటే అంకెలు ఏరుకుని ఏదో ఒకటి చేయడమే అని బడి వాళ్లకి అలవాటు చేసింది.

పోలికల లెక్కలకు నేను పట్టీలు గీయిస్తా. రవికి పొడుగు పట్టీ, కింద శీనుకి పొట్టి పట్టీ, తేడా దగ్గర 3. ఎవరిది పొడుగో తేలితే ఏం చేయాలో కూడా తేలిపోతుంది. సింగపూర్ బళ్లలో 1980ల నుంచి ఈ పట్టీలతోనే నేర్పుతున్నారు. మాకు పక్కనే మార్కాపురం ఉంది కాబట్టి పలకలకు కొదవ లేదు. పలక మీద గీసింది చేత్తో చెరిపేయొచ్చు, నోట్సులో ఎర్ర ఇంకు పడుతుందన్న బెంగ ఉండదు.

డీఎడ్, మైనంపాడు:
రొయ్యల అన్న చెప్పినదానికి దగ్గరగా ఉండేది ఒకటి మేం టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్నాం. బ్రెజిల్‌లో రెసిఫె అనే ఊళ్లో వీధుల్లో సరుకులమ్మే పిల్లల దగ్గరికి పరిశోధకులు కొనేవాళ్లలాగా వెళ్లి లెక్కలడిగారు, అది 1985లో అచ్చయింది. బేరం దగ్గర నోటి లెక్కలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని తర్వాత స్టేట్‌మెంట్ లెక్కలుగా ఇస్తే 74 శాతం, ఉత్త అంకెల లెక్కలుగా ఇస్తే 37 శాతం. అంటే కథ ఉండటం పిల్లలకి అడ్డం కాదు, సాయమే. అందులో ఒక పిల్లవాడు కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అంటే పక్కన సున్నా పెట్టలేదు. మూడు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇట్లా పోయి 315 దగ్గర ఆగి ఇంకో 35 కలిపి 350 అన్నాడు. బడిలో ఈ పద్ధతి చేస్తే చాలామంది టీచర్లు కొట్టేస్తారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. పిల్లవాడు తన దారిలో సరైన జవాబుకి వచ్చినప్పుడు ఆ దారిని గౌరవించండి, పొట్టి దారి తర్వాత చూపించొచ్చు.

చీమకుర్తి, ఇద్దరు పిల్లల తల్లి:
కోవూరు అక్కా, పాప మీ మొహం చూస్తుందన్నారు కదా, నా దృష్టిలో అసలు సంగతి అదే. మనం మామూలుగా తప్పు చేసినప్పుడే "ఎట్లా చేశావు?" అని అడుగుతాం. అందుకే ఆ మాట వినగానే తప్పనుకుని జవాబు మార్చేస్తారు. నేను సరైన జవాబుకి కూడా "ఎట్లా వచ్చింది చెప్పు" అని అడగడం మొదలుపెట్టా. మొదట్లో మావాడు వెంటనే రబ్బరు తీసుకునేవాడు, పోనుపోను "ఇదుగో ఇట్లా" అని వివరించడం అలవాటైంది. వాడు ఆలోచిస్తున్నప్పుడు నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంటా, వాడి పుస్తకం వైపు చూడను. ఇంట్లో మగవాళ్లకి కూడా చెప్పండి, పక్కన నిలబడి "ఇంత చిన్నదానికి ఇంతసేపా" అనే మాట ఒక్కటి చాలు, నెల రోజుల కష్టం పోతుంది.

కందుకూరు జేజి:
నా మనవరాలు నాకు లెక్కలిస్తుంది, నేను చేస్తా. అది బడి నుంచి రాగానే "జేజీ, నువ్వు 50 రూపాయలు తీసుకుని సంతకి పోయావు" అని మొదలుపెడుతుంది. ఒక్కోసారి ఏం అడగాలో మర్చిపోతుంది, ఒక్కోసారి 50 రూపాయలకి 80 రూపాయల కూరగాయలు కొనిపిస్తుంది. "డబ్బు చాలదే తల్లీ" అంటే కూర్చుని సరిచేసుకుంటుంది. నేను కావాలనే తప్పు జవాబు చెబుతా, పట్టుకుంటుంది. లెక్క తయారుచేయడం వచ్చిన బిడ్డకి లెక్క చేయడం ఎందుకు రాదు చెప్పండి.

కోవూరు అమ్మ:
జేజీ, ఇది ఈ రోజే మొదలుపెడతా, మా అత్తమ్మ కూడా ఇంట్లోనే ఉంటారు. ఇంకొక్క సందేహం. జవాబు రాగానే గీత గీసి పుస్తకం మూసేస్తుంది, అది సరిపోతుందా లేదా అని చూసుకోదు. "చెక్ చేశావా" అంటే మళ్లీ అదే కూడిక కూడి చూపిస్తుంది.

పొదిలి టీచరు:
జవాబుని ఉత్త అంకెగా రాయనివ్వకండి, పూర్తి వాక్యంగా రాయించి, దాన్ని మళ్లీ కథలో పెట్టి చదివించండి. అమెరికాలో 1983 ప్రాంతంలో 13 ఏళ్ల పిల్లలకి పెద్ద పరీక్ష పెట్టారు: 1128 మంది సైనికులు, బస్సుకి 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? పదిమందిలో ఏడుగురు భాగహారం సరిగ్గానే చేశారు, కానీ 32 బస్సులు అని రాసినవాళ్లు నాలుగోవంతు కూడా లేరు. పదిమందిలో దాదాపు ముగ్గురు 31 బస్సులు శేషం 12 అని రాశారు. "31 బస్సులు, శేషం 12 కావాలి" అని పైకి చదివితే ఆ 12 మంది రోడ్డు మీద నిలబడి ఉన్నారని పిల్లలకే తెలుస్తుంది.

నెల్లూరు ట్యూషన్:
చార్ట్ నేను తీసేయను మేడమ్, రెండో తరగతి వాళ్లకి అది ఉండాల్సిందే. కానీ ఈ శేషం సంగతి మాత్రం మా నాలుగో తరగతికి రేపే ఇస్తున్నా. 26 మంది పిలకాయలు మైపాడు బీచ్‌కి పోవాలి, ఆటోకి నలుగురు, ఎన్ని ఆటోలు? 26 రూపాయలుంటే 4 రూపాయల పెన్సిళ్లు ఎన్ని వస్తాయి? 26 కిలోల బియ్యం నాలుగు ఇళ్లకి సమానంగా పంచితే ఒక్కో ఇంటికి ఎంత? మూడింటికీ ఒకటే భాగహారం. జవాబులు మాత్రం 7 ఆటోలు, 6 పెన్సిళ్లు, ఆరున్నర కిలోలు. మూడూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఎందుకు వేరు వేరుగా వచ్చాయో వాళ్లనే వాదించుకోమంటా.