బీసీసీ చాలా, ఒక్కొక్కరికీ విడి మెయిలే వెళ్లాలా?

గుంటూరు వాలంటీర్:
తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న పిల్లల కోసం పనిచేసే చిన్న బృందం మాది. ఈ పిల్లలకు రెండు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. శిబిరం ఎప్పుడు, మందులు ఎప్పుడొస్తాయి అని 180 మందికి మెయిల్ పెడుతుంటాం. కుటుంబాలూ రక్తదాతలూ ఒకే లిస్టులో ఉంటారు. పోయిన నెల మా కుర్రాడొకడు హడావిడిలో అడ్రసులన్నీ ఒకరివి ఇంకొకరికి కనబడని బీసీసీలో కాకుండా, అందరికీ కనబడే 'టు'లో పెట్టి పంపేశాడు. పది నిమిషాల్లో ఒక తల్లి ఫోన్. టీచరు ఆవిడ. "మా స్టాఫ్‌రూంలో సారు మీకు రక్తం ఇస్తారటండీ. ఈ లిస్టులో మీరెందుకున్నారు మేడం అని ఇప్పుడే అడిగారు" అంది. వాళ్ల పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. నాకు నోట మాట రాలేదు.

ఇకమీదట మెయిల్ మెర్జ్ చేసి, అంటే ఎక్సెల్ లిస్టు నుంచి ఒక్కొక్కరి పేరుతో విడి మెయిల్ తయారయ్యేలా చేసి, ఎవరి మెయిల్ వాళ్లకే పంపాలని నేను. బీసీసీ జాగ్రత్తగా వాడితే చాలని మిగతావాళ్లు. మీరేమంటారు?

విజయవాడ అకౌంటెంట్:
తప్పు బీసీసీది కాదు కదండీ. అందులో పెట్టిన అడ్రసు మిగతా ఎవరికీ కనబడదు. 20వ తేదీ జీఎస్టీ రిటర్న్ గుర్తుచేయడానికి మా క్లయింట్లందరికీ ఏళ్ల తరబడి అలాగే పంపుతున్నాను. 'టు'లో నా అడ్రసే ఉంటుంది. మెయిల్ మొత్తం రాశాకే బీసీసీ నింపుతాను, పక్కనున్న అమ్మాయి చూశాకే సెండ్ కొడతాను. అలవాటు చేసుకుంటే అయిపోయే పనికి కొత్త యంత్రాంగం ఎందుకు?

లండన్ తెలుగు:
అలవాటు మీద అంత నమ్మకం పెట్టుకోకండి. 2015 సెప్టెంబరులో ఇక్కడ 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ వాళ్లు హెచ్‌ఐవీ సేవలు వాడుకునేవాళ్లకు వార్తాలేఖ పంపారు. 781 అడ్రసులూ బీసీసీకి బదులు 'టు'లో పడ్డాయి. 730 అడ్రసుల్లో పూర్తి పేర్లున్నాయి. ఆ క్లినిక్‌ను నడిపే ట్రస్టుకు మరుసటి ఏడాది లక్షా 80 వేల పౌండ్ల జరిమానా పడింది. 2020లో హెచ్‌ఐవీ స్కాట్లాండ్ అనే సంస్థ 105 మందికి అడ్రసులు కనబడేలా మెయిల్ పంపింది. విడిగా పంపే ఏర్పాటు అప్పటికే కొనుక్కుని కూడా పాత పద్ధతిలోనే పంపారు.

అకౌంటెంట్ గారూ, మీ క్లయింటు ఎవరో తెలిస్తే వచ్చే నష్టం తక్కువ. గుంటూరు వాళ్ల లిస్టులో పేరు ఉండటమే అసలు విషయం. లోపల ఏం రాశారన్నది తర్వాతి మాట.

విజయవాడ అకౌంటెంట్:
ఒప్పుకుంటాను. కానీ మెర్జ్‌లో ఇంతకంటే ఘోరం జరుగుతుంది. మా అబ్బాయి కాలేజీ నుంచి ఫీజు బాకీ మెయిల్ వచ్చింది. చూస్తే ఇంకో కుర్రాడి పేరు, వాళ్లు కట్టాల్సిన డబ్బు. ఎక్సెల్‌లో ఎవరో పేర్ల కాలమ్ ఒక్కటే సార్ట్ చేసి, అడ్రసుల కాలమ్ అలాగే వదిలేశారట. బీసీసీలో అందరికీ వెళ్లేది ఒకే ఉత్తరం, ఒకరి సంగతి ఇంకొకరికి పోయే దారే ఉండదు.

హైదరాబాద్ సిస్టమ్ అడ్మిన్:
అందుకే మెర్జ్‌లో పేరు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. హిమోగ్లోబిన్ రిపోర్టు, రక్తం ఎక్కించే తేదీ లాంటివి ఆ ఎక్సెల్‌లోనే ఉండకూడదు. అప్పుడు వరుస జారినా పోయేది ఒక పేరే.

వర్డ్‌లో మెయిలింగ్స్ నుంచి పంపాలంటే ఔట్‌లుక్ కావాలి, పైగా అటాచ్‌మెంట్ పెట్టనివ్వదు. మీకు శిబిరం కరపత్రం పంపాల్సి ఉంటుంది కాబట్టి థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాంలో మెయిల్ మెర్జ్ యాడ్-ఆన్ వేసుకోండి. 'సెండ్ లేటర్' పెడితే అన్నీ ఔట్‌బాక్స్‌లో ఆగుతాయి. తెరిచి చూసుకుని వదలొచ్చు. ఒక్కొక్కరికి వెళ్లేది ఇలా విడిగా చూసుకునే వీలు బీసీసీలో ఉండదు. అక్కడ అడ్రసులు ఒక్కసారి తప్పు గడిలో పడి వెళ్లిపోతే అందరివీ ఒకేసారి బయటపడతాయి. ఉచిత జీమెయిల్‌లో రోజుకు 500 మంది దాటకూడదు, మీకు 180 మందే కాబట్టి టెన్షన్ లేదు. ఈ లిస్టును బయటి మెయిల్ కంపెనీకి మాత్రం ఎక్కించకండి. ఆ కుటుంబాలు అడ్రసు ఇచ్చింది మిమ్మల్ని నమ్మి.

ఒక అమ్మ:
మీరంతా అడ్రసుల గురించే మాట్లాడుతున్నారు. సబ్జెక్టులో జబ్బు పేరు రాయకండి. ఫోన్ టేబుల్ మీద ఉంటుంది, మెయిల్ రాగానే ఆ పేరు స్క్రీన్ మీద కనబడుతుంది. పక్కన ఎవరు కూర్చున్నారో మీకు తెలియదు.

గుంటూరు వాలంటీర్:
అమ్మా, ఇన్నేళ్లుగా మేం సబ్జెక్టులో ఆ పేరే రాస్తున్నాం. ఇక రాయం. పంపేవాళ్ల పేరులోనూ ఆ మాట ఉంది, అదీ మార్చాం.

రాత్రి మా ముగ్గురి అడ్రసులతో పంపి చూశాను. మొదటిసారి పేరుండాల్సిన చోట "???? గారికి" అని వచ్చింది. ఎక్సెల్‌లో ఫైలును 'సీఎస్‌వీ యూటీఎఫ్-8'గా సేవ్ చేస్తే తెలుగు సరిగ్గా పడింది. దాతలను వేరే ఫైలులోకి మార్చాను. ఆ తర్వాత ఔట్‌బాక్స్‌లో ఒక్కో మెయిలూ తెరిచి, పేరూ అడ్రసూ నేను చదువుతుంటే మా కుర్రాడు రిజిస్టర్‌లో టిక్కు పెట్టాడు. గంటన్నర పట్టింది. పంపేశాం.

ఆ టీచరు గారు తన అడ్రసు తీసేయమన్నారు. తీసేశాను. శిబిరం తేదీ ఆవిడకు నేనే ఫోన్ చేసి చెబుతున్నాను, స్కూలు వదిలాక, సాయంత్రం ఐదు దాటాకే.