బర్మా యుద్ధంలో పోయిన మా చిన్నతాత వివరాలు ఎలా వెతకాలి?

కాకినాడ మనవరాలు:
మా తాతయ్య తమ్ముడు ఎయిర్ ఫోర్స్‌లో ఉండి 1944లో బర్మా వైపు పోయారు. శవం కూడా దొరకలేదు. మా దగ్గరున్నది ఒక్క ఫొటో, వెనక పెన్సిల్‌తో "8 స్క్వాడ్రన్" అని ఉంది. నాన్నమ్మ కాపురానికొచ్చిన కొత్తలో జరిగిందిది. "మా మరిది పేరు ఎక్కడైనా రాశారా?" అని ఇప్పటికీ అడుగుతుంది. ఆవిడ ఉండగానే చెప్పాలి.

పాత విమానాలు:
అమ్మా, ఆ పెన్సిల్ రాత చాలా పెద్ద ఆధారం. 8 స్క్వాడ్రన్ 1943 డిసెంబర్ నుంచి బర్మా తీరంలోని అరకాన్ మీద వెంజెన్స్ డైవ్ బాంబర్లు (కిందికి దూకుతూ బాంబులేసే విమానాలు) నడిపింది. అందులో ఇద్దరుంటారు, ముందు పైలట్, వెనక గన్నర్. అదే విమానంలో పోయిన రెండో మనిషి పేరు దొరికినా మీకు దారి దొరుకుతుంది. తర్వాత స్పిట్‌ఫైర్లు వచ్చాయి, వాటిలో ఒక్కరే. అందుకే ఏ నెలో కనుక్కోండి.

సింగపూర్ రావు:
కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసే సంస్థ) వెబ్‌సైట్‌లో ఫ్రీగా వెతకొచ్చు. మన ఇంటిపేర్ల స్పెల్లింగ్ నమ్మకండి. ఇండియన్, ఎయిర్ ఫోర్స్, 1944 అని పెట్టి జాబితా మొత్తం చదవండి. సమాధి లేని వైమానికులు బర్మాలో పోయినా, పేర్లు ఇక్కడ సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీదే ఉన్నాయి. స్మారకం మీద పేరున్న కాలమ్ నంబర్ దొరికితే పెట్టండి, వెళ్లి ఫొటో తీసి పంపిస్తాను.

కాకినాడ మనవరాలు:
చాలా థాంక్సండీ. ఏ నెలో నాన్నమ్మకి గుర్తుంది, సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకే టెలిగ్రామ్ వచ్చిందట. ఫిబ్రవరి నుంచి మొదలుపెడతాను.

పాత విమానాలు:
జనవరి కూడా చూడండి. టెలిగ్రామ్ ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు.